నోరు తిరగని పేరు

ఒస్ట్రవాలో నవంబరు.
మూతబడిన బొగ్గు గనుల మీద
పడనా వద్దా అని మంచు ఇంకా తేల్చుకోలేదు.
బడి పైఅంతస్తులో, మెట్ల పక్క గదిలో
ఒక అద్దం, రెండు పొట్టి కుర్చీలు, నేను.

"నీ పేరేంటి?"
"బోజెక్."

కాగితం మీద బోర్జెక్.
మా చెక్ భాషలో ఆ అక్షరం
నెత్తిన చిన్న కొక్కెం పెట్టుకుని కూర్చుంటుంది.
ర నాలుకను ఆడిస్తుండగానే
జ పళ్ళ సందులోంచి దూరాలి.
ఒకరి వెనక ఒకరు కాదు,
ఇరుకు తలుపులోంచి ఇద్దరూ ఒకేసారి.
అక్షరాలన్నీ వచ్చి భోజనాలకు కూర్చున్నాక
చివరి బస్సుకి దిగే చుట్టం అది.
కొందరిళ్ళకి అసలు రాదు.

వాడికి ఐదున్నర. ముందు పన్ను ఊగుతోంది.
తోటి పిల్లలు అడిగిందే అడిగి నవ్వుతున్నారని
ఈమధ్య ఎవరు పేరడిగినా
"కుక్క" అంటున్నాడట.

పై పళ్ళ వెనక గట్టు మీద తేనెచుక్క పెట్టాను.
"నాలుక కొసతో వెతుకు. అదిగో, అక్కడే."
ద ద ద ద
ఎవరో తలుపు తడుతున్నట్టు.
ఇంకా తొందరగా. ఇంకా.
పుల్లతో నాలుక అడుగున మెల్లగా కదిపాను.
చొంగ కారింది, నవ్వొచ్చింది, ర మాత్రం రాలేదు.
అద్దమంతా ఆవిరి.
దాని మీద వేలితో పిల్లిని గీసి
పాఠం అయిపోయిందని వాడే తీర్పు చెప్పాడు.

నడవాలో వాళ్ళ నాన్న, తడిసిన టోపీతో.
"ఇంట్లో రోజూ పది నిమిషాలు.
ముందు మీరు అనండి, వెంట వాడు అంటాడు."
ఆయన టోపీని ఒక చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు.
"నేను ట్రామ్ జిదిచ్‌ని," అన్నాడు.

ర్జిదిచ్. డ్రైవరు.

ఇరవై రెండేళ్ళుగా ఆ మాట దగ్గరికి రాగానే
"ట్రామ్ నడుపుతాను" అని పక్కదారి పడతాడట,
పట్టాలు లేని చోట ఆయన తిప్పగలిగిన ఒకే ఒక్క మలుపు.
పేరెవరు పెట్టారని నేనడగలేదు.
"వాళ్ళమ్మ," అన్నాడు తనే.
"నాకు రాంది వీడికి వస్తుందని పందెం కాసింది."
ఎవరితో కాసిందో చెప్పలేదు.

ఫిబ్రవరిలో వచ్చింది.
నా గదిలో కాదు, తేనె దగ్గరా కాదు.
మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నాడు.
మా భాషలో మూడుని త్ర్జి అంటాం.
మూడో మెట్టు మీద
నోట్లో ఏదో చిటపటమంది.
ఆగాడు.
కిందకి దిగాడు. మళ్ళీ ఎక్కాడు.
త్ర్జి.
నాలుగో మెట్టు సంగతే వాడికి అక్కర్లేకపోయింది.
పద్నాలుగుసార్లు మూడు దాకా వచ్చి
పద్నాలుగుసార్లు దిగిపోయాడు.
పైన తలుపు పట్టుకుని నేను
పిలవకుండా నిలబడ్డాను.

నెల తిరిగేసరికి పేరు కూడా పలికింది.
కుక్క పోయింది. అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాడు:
వంటావిడకి, తపాలా మనిషికి, చేపల తొట్టెకి.
"శబ్దం స్థిరపడింది" అని రిజిస్టరులో రాసి
తేదీ వేసి సంతకం చేశాను.

మర్నాడు సాయంత్రం ట్రామ్‌లో చివరి సీటు నాది.
ముందు, డ్రైవరు గది అద్దానికి ఆనుకుని వాడు.
ఒక ముసలావిడ సంచి సర్దుకుంటూ వంగి
"నీ పేరేంటి నాన్నా?" అంది.

వాడు అద్దంలోంచి తండ్రి వీపు చూశాడు.
గది తలుపు ఓరగా తెరిచే ఉంది.

"బోజెక్," అన్నాడు,
తడబడకుండా, ఒక్కొక్క అక్షరం పేర్చినట్టు.

తండ్రి తల తిప్పలేదు.
మలుపొచ్చింది. ఇనుము మీద ఇనుము ఒరుసుకుని
బండి చక్రాలు కీచుమన్నాయి.
ర్జ్, ర్జ్, ర్జ్.
ఎవరూ నేర్పలేదు వాటికి.

నా స్టాపు దాటిపోయింది.
రిజిస్టరు సంచిలోనే ఉంది, పెన్ను కూడా.
తీయలేదు.